పల్నాటిలోని 'నాడు': ఒక రూపం, వేర్వేరు మూలాలు

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. చారిత్రకంగా పల్నాడు అన్న పేరు గురజాల, మాచర్ల, కారెంపూడి, దాచేపల్లి పరిసరాలకే చెల్లేది. నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి ఆ పాత పరిధికి వెలుపలివి. కొత్త జిల్లాతో ఆ పేరు వాటన్నిటినీ కమ్ముకున్నది. పేరు విస్తరించిన ప్రతిసారీ దాని వ్యుత్పత్తిపై చర్చ మళ్లీ తలెత్తుతుంది. ఆ చర్చ అంతా 'పల్' అన్న పూర్వపదం చుట్టూ తిరగడం, 'నాడు' అన్న ఉత్తరపదాన్ని మాత్రం అందరికీ తెలిసినదే అన్నట్టు వదిలివేయడం పరిపాటి. నిజానికి చిక్కు ఉన్నది ఉత్తరపదంలోనే. 'దేశం' అన్న అర్థంలోని నాడు, 'దినం, కాలం' అన్న అర్థంలోని నాడు తెలుగులో ఒకే రూపంలో కలిసిపోయాయి. వీటి పక్కన 'మోటు, దేశవాళీ' అన్న అర్థంలో నాటు అనే మూడవ రూపం నిలిచింది. సోదర భాషలతో పోల్చితే తప్ప ఈ కలయిక బయటపడదు.

పూర్వపదం సంగతి క్లుప్తంగా చూడవచ్చు. ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తులు మూడు. పాలవంటి తెల్లని రాతి నేల కనుక పాలనాడు అన్నది మొదటిది. పిడుగురాళ్ల సున్నాన్నీ, దాచేపల్లి నాపరాతినీ చూసినవారికి ఇది సహజంగానే తోస్తుంది. కాని తెలుగు ఊరిపేర్లలో 'పాల' పూర్వపదమైనప్పుడు దీర్ఘం నిలుస్తుంది. పాలకొల్లు, పాలకొండ, పాలకుర్తి ఇందుకు ఉదాహరణలు. పల్నాటిలో మాత్రమే అది హ్రస్వమైందనడానికి కారణం చూపాలి. ఇంతవరకు ఎవరూ చూపినట్టు లేదు. పల్లవుల ఏలుబడి వల్ల పల్లవనాడు అయిందన్నది రెండవది. ఇది చరిత్రకు దగ్గరగా వినిపించినా 'వ' కారం జాడ లేకుండా పోయిన తీరును వివరించదు. పల్లెల నాడు అన్న మూడవది ధ్వనిపరంగా తక్కిన రెండింటికన్నా మేలు. పల్లె శబ్దం కూడా బహుభాషా ప్రయాణం చేసినదే. తమిళంలో పళ్ళి అంటే బడి, జైన బౌద్ధుల నివాసం; మలయాళంలో చర్చి, మసీదు; కన్నడంలో ప-కారం హ-కారమై హళ్ళి, అంటే గ్రామం. పల్లె అన్న వ్యుత్పత్తినే అంగీకరిస్తే పల్నాడు అన్న పేరులో రెండు ముక్కలూ జనావాసాన్ని చెప్పేవే అవుతాయి. ఉత్తరపదం మొదట ఏ మేరకు నేలను సూచించిందో తెలియకుండా ఆ సమాసానికి అర్థం చెప్పడం కుదరదు.

ఊరి నుంచి రాజ్యం వరకు

ద్రావిడ భాషల్లో 'నాడు' శబ్దవ్యాప్తి విశేషమైనది. దక్షిణ ద్రావిడంలో దాని పరిమాణం పెద్దది. తమిళంలో నాటు అంటే నేడు దేశమే. చోళుల కాలపు శాసనాల్లో మాత్రం అది కొన్ని ఊళ్ల కూటమి. ఆ కూటమి పెద్దలు నాట్టార్లు. వై. సుబ్బరాయలు 1973లో ప్రచురించిన చోళదేశ రాజకీయ భూగోళ అధ్యయనం ఈ చిన్న నాడులను ఒక్కొక్కటిగా గుర్తించి, పటాలపై నిలిపింది. ఆ చిన్న యూనిట్ పేరే 1969 జనవరి 14న మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అన్న నామంలో రాష్ట్రవాచకంగా స్థిరపడింది. కన్నడంలో నాడు అంటే సాగుభూమి, పల్లెసీమ, రాజ్యం. 9వ శతాబ్దపు కవిరాజమార్గం కావేరి నుంచి గోదావరి వరకు వ్యాపించిన కన్నడనాడును వర్ణించింది. కొడగులో నాడ్ ఊళ్ల సముదాయం. మలయాళంలో దీని అర్థం మరీ ఆత్మీయమైనది. పరదేశంలో ఉన్న మలయాళీ 'నాట్టిల్ పోయి' అంటే తన సొంత ఊరికి వెళ్లాడని అర్థం. గల్ఫ్ వలసల తర్వాత కేరళమంతా కలిసి ఒక 'నాటు' అయింది.

తూర్పు కనుమల వైపు, బస్తరు వైపు వస్తే పరిమాణం ఒక్కసారిగా తగ్గుతుంది. గోండిలో నార్, కొండ భాషలో నారు, కుయిలో నాజు అంటే గ్రామం మాత్రమే. బస్తరులో అనేక గ్రామాల పేర్ల చివర వినిపించే 'నార్' ఇదే. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రూపాలన్నిటినీ ఒకే ఆరోపం కింద చేర్చింది. తెలుగు భాషాశాస్త్రరీత్యా గోండి, కుయి, కొండ భాషలకే దగ్గర. అవన్నీ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. అర్థరీత్యా మాత్రం తెలుగు నాడు తమిళ కన్నడాల సరసన నిలుస్తుంది. రేనాడు, వెలనాడు, పాకనాడు, కమ్మనాడు, ములికినాడు ఏవీ గ్రామాలు కావు. దక్షిణాది రాజ్యపాలన పద్ధతులతో పాటే ఈ పెద్ద అర్థం తెలుగుకు వచ్చిందనీ, 'ఊరు' అన్న అర్థం అంతకు పూర్వపు పొర కావచ్చుననీ భావించడానికి ఇక్కడ అవకాశముంది. తెలుగులో గ్రామం అన్న అర్థంలో 'ఊరు' బలంగా నాటుకుపోయింది కనుక, నాడు పైమెట్టుకు జరగడానికి అడ్డు లేకపోయింది.

శాసనాల్లో నాడుల పక్కన సంఖ్యలు కనిపిస్తాయి. రేనాడు ఏడువేలు, వెలనాడు ఆరువేలు. వెలనాటి ప్రభువులు సంస్కృతంలో తమ సీమను షట్సహస్రమని చెప్పుకున్నారు. ఆ సంఖ్యలు ఊళ్లవా, ఆదాయానివా అన్న వివాదం తెగలేదు. ఏదైనా అవి లెక్కకు ఒదిగిన నేల అన్న భావాన్నే చెబుతున్నాయి.

ఇక్కడే నాటు, నడు అన్న ధాతువుల ప్రసక్తి వస్తుంది. తమిళంలో నటు అంటే మొక్క నాటడం. కెటు–కేటు, పటు–పాటు, విటు–వీటు అన్న వరుసలో నటు–నాటు అన్న నిష్పత్తి చక్కగా కుదురుతుంది. మొక్క నాటిన నేల నాడు, నాటనిది కాడు అన్న వివరణ ఆకర్షణీయమైనది కూడా. కాడు–నాడు అన్న జంట కన్నడ తమిళాల్లో నేటికీ జీవంగా ఉన్నది. అయితే తెలుగు సాక్ష్యం రెండు వైపులకూ మొగ్గుతుంది. పడు–పాటు, చెడు–చేటు అన్న జంటలను బట్టి చూస్తే ధాతుజమైన నామం 'నాటు' కావాలి; విడు–వీడు అన్న జంటను బట్టి 'నాడు' కావచ్చు. గోండి, కుయి రూపాలు కూడా ఇదే ఆరోపంలోనివి కనుక, ఆ నిష్పన్నత నిజమైనా అది మూలద్రావిడ దశలోనే జరిగి ఉండాలి. తెలుగులో నాటు అన్న క్రియను చూపి పల్నాటికి 'మొక్కలు నాటిన నేల' అని అర్థం చెప్పడం ఆ కారణంగా తొందరపాటే.

అనునాసికం చెప్పే కథ

దేశవాచకమూ దినవాచకమూ తమిళ కన్నడాల్లో ఎన్నడూ కలవలేదు. తమిళంలో నాటు దేశం, నాళ్ దినం. కన్నడంలో నాడు దేశం, నాళ్ దినం, నాళె రేపు. వినడంలోనే తేడా ఉన్నది. తెలుగులో రెండూ నాడు. ఔపవిభక్తికం చేరినా రెండూ 'నాటి'యే. ఆనాటి వీరులు, పలనాటి వీరులు అన్న రెండు పదబంధాల్లో మొదటి 'నాటి' కాలాన్నీ, రెండవ 'నాటి' నేలనూ చెబుతున్నదని వ్యాకరణం చెప్పదు, సందర్భమే చెప్పాలి. పలు అన్న విశేషణాన్ని తలచుకుంటే 'పలనాటి' అన్నదానిలో 'పలు దినాల నాటి' అన్న శ్లేషకు కూడా చోటు ఉన్నది.

ఈ కలయిక ఎలా జరిగింది? దినవాచకమైన నాడును నేరుగా నాళ్ నుంచి సాధించడం వాడుక. ఇందులో ఒక ఇబ్బంది ఉన్నది. తమిళంలోని పదాంత ళ-కారానికి తెలుగులో సాధారణంగా వచ్చేది ల-కారం. తేళ్–తేలు, ముళ్–ముల్లు, కళ్–కల్లు, వాళ్–వాలు. ఈ లెక్కన నాళ్ తెలుగులో 'నాలు' కావాలి. కోడి, ఏడు, పాడు వంటి మాటల్లోని డ-కారం వేరొక మూలధ్వని నుంచి, తమిళంలో కోఴి, ఏఴు, పాఴ్ అన్న మాటల్లో నిలిచిన ఴ-కారం నుంచి వచ్చినది. పైగా దినవాచకమైన నాఁడులో అరసున్న ఉన్నది. నాళ్‌లో అనునాసికం లేదు. 'నాళ్లు' అన్న బహువచనాన్ని చూపి పాత ళ-కారం అక్కడ మిగిలిందనడమూ నిలవదు. ఏడు–ఏళ్లు, గూడు–గూళ్లు అన్నట్టే నాడు–నాళ్లు కూడా డు+లు సంధి ఫలితం.

అనునాసికానికి మూలం వేరొక చోట దొరుకుతుంది. ప్రాచీన తమిళంలో 'ఆ దినాన, అది జరిగినప్పుడు' అన్న అర్థంలో ఞాన్ఱు అన్న శబ్దం ఉన్నది. తమిళంలోని న్ఱ సంయుక్తం తెలుగులో ణ్డగా, ఆపై అరసున్నతో కూడిన డ-కారంగా పరిణమిస్తుందనడానికి మూన్ఱు–మూఁడు అన్న జంట చాలు. ఆ దారిలో ఞాన్ఱు తెలుగులో నాఁడు కావడం ధ్వనిపరంగా నిరాటంకం. ప్రయోగం కూడా అదే చెబుతుంది. తెలుగులో నాడు స్వతంత్రంగా 'దినం' అన్న నామంగా కంటే, 'వచ్చిననాడు', 'పండుగనాడు' అన్నట్టు కాలాధికరణంగానే ఎక్కువగా వస్తుంది. తమిళ ఞాన్ఱు ప్రయోగాలూ అటువంటివే. శాసనాల్లో తిథివారాల తర్వాత వచ్చే నాణ్డు సరిగ్గా ఈ పని చేసేదే.

దేశవాచకంలో అనునాసికానికి వ్యుత్పత్తిపరమైన ఆధారం లేదు. కాటు–కాడు, వీటు–వీడు అన్నట్టు నాటు–నాడు కావాలి తప్ప మధ్యలో నకారం రావలసిన పని లేదు. అయినా తెలుగు లిఖితచరిత్ర మొదటి మెట్టు మీదే అది ఉన్నది. కడప జిల్లా కలమళ్ల శాసనం, సుమారు 575 నాటిది, తెలుగు శాసనాల్లో తొలిదిగా పేరుపొందినది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని ఏలుబడిని చెప్పే ఆ శాసనంలో దేశనామం రేనాణ్డు. పూర్ణానునాసికంతో ఉన్న ఆ రూపాన్ని లేఖకుని పొరపాటుగా కొట్టివేయడానికి వీలులేదు. రేనాటి చోళుల ఇతర శాసనాల్లోనూ అది పునరావృతమవుతుంది.

దీనికి రెండు వివరణలు సాధ్యం. డ-కారానికి ముందు నిర్హేతుకంగా అనునాసికం చేరడం ఒకటి. కాడు, వీడు వంటి సమానరూపాల్లో అది జరగలేదు కనుక ఈ వివరణ బలహీనం. దినవాచకమైన నాణ్డు ప్రభావంతో దేశవాచకం కూడా నాణ్డు అయిందన్నది రెండవది. శాసనభాషలో ఈ రెండు మాటలూ తరచు ఒకే వాక్యంలో, ఒకటి తేదీని చెబుతూ మరొకటి చోటును చెబుతూ, పక్కపక్కనే వచ్చేవని గుర్తు చేసుకుంటే ఈ సాదృశ్యం అసహజం కాదు. ఇది నిరూపితమని చెప్పడానికి 6, 7 శతాబ్దాల సాక్ష్యం ఇంకా పలుచన. కాని కాడు, వీడు శబ్దాల్లో లేని నకారం నాడులోనే ఎందుకు ఉన్నదన్న ప్రశ్నకు ప్రస్తుతానికి ఇంతకన్నా మంచి సమాధానం లేదు. తర్వాతి కాలంలో పూర్ణబిందువు అరసున్నగా మారి, అరసున్న ఉచ్చారణ నుంచీ రాత నుంచీ జారిపోయింది. అప్పటికే రెండు పదాలు ఒకటైపోయినందువల్ల ఆ జారుడు వాటిని విడదీయలేకపోయింది.

మిగిలినవి, మారినవి

రూపం ఒకటైనప్పుడు భాష అర్థాలకు చోట్లు పంచి ఇస్తుంది. నేటి తెలుగులో ఒంటరిగా 'నాడు' అంటే అది కాలమే. 'నాడు–నేడు' అన్న జంటను చూసి దేశాన్ని తలచే తెలుగువాడు లేడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన బడుల బాగుసేత కార్యక్రమానికి ఆ పేరు పెట్టగలగడం అందువల్లనే. దేశార్థం సమాసాల్లోకి ఒదిగింది: తెలుగునాడు, తమిళనాడు, పల్నాడు. స్వతంత్రంగా ఆ స్థానాన్ని దేశం, సీమ, రాష్ట్రం ఆక్రమించాయి. పాలనలో నాడులు అంతరించి శతాబ్దాలు గడిచినా వెలనాటి, వేగినాటి, ములికినాటి అన్న బ్రాహ్మణ శాఖానామాల్లోనూ, పాకనాటి వంటి ఇతర కులాల ఉపశాఖల పేర్లలోనూ, ఇంటిపేర్లలోనూ 'నాటి' నిలిచి ఉన్నది. ఆ శాఖలవారిలో చాలామందికి ఆ నాడు ఎక్కడ ఉండేదో తెలియదు. అయినా పెళ్లి సంబంధాల వేళ ఆ మాట పనిచేస్తూనే ఉన్నది.

నాడులన్నీ ఇలా శాఖానామాలై కరగిపోగా పల్నాడు ఒక్కటి నేలపేరుగా నిలవడానికి సాహిత్యమే ప్రధాన కారణమనవచ్చు. 12వ శతాబ్దపు గురజాల, మాచర్ల వైరాన్ని శ్రీనాథుని పేర వెలసిన ద్విపద కావ్యం పలనాటి పేరుతోనే నిలిపింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దానిని ప్రకటించిన తర్వాత అది విద్యావంతుల చర్చలోకి వచ్చింది. కారెంపూడిలో ఏటా కార్తిక మాసంలో జరిగే వీరుల తిరునాళ్లలో వీరవిద్యవంతులు పాడే కథ అంతకుముందు నుంచే ఆ పేరును నాలుకల మీద ఉంచింది. జీన్ రోఘైర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువరించిన అధ్యయనం ఆ మౌఖిక పాఠాన్నే ఆధారం చేసుకున్నది. 'తిరునాళ్లు' అన్న మాటలోనూ ఉన్నది దినవాచకమే. పలనాటి తిరునాళ్లు అన్న రెండు మాటల్లో దేశమూ దినమూ పక్కపక్కన కూర్చున్నాయి.

అదే శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటిని జొన్నకూటి సీమగా, రసికులు అడుగుపెట్టని చోటుగా పరిహసించాయి. కాపుసీమ, నీరులేని నేల, నాగరికత లేని నేల అన్న ఆ ముద్రకూ, మూడవ శబ్దమైన 'నాటు'కూ మధ్య సంబంధం గమనించదగినది.

నాటుకోడి, నాటువైద్యం, నాటుసారా, నాటుబాంబు. ఈ వరుసలో మొదటిదానికి నేడు గిరాకీ, చివరిదానికి కేసు. ఈ విశేషణం దేశార్థక నాడు నుంచి వచ్చిందే. కాని తెలుగు వ్యాకరణం ప్రకారం అది 'నాటి కోడి' కావాలి. నాట్టుక్కోఴి అన్న తమిళ పదంతో పోల్చితే నాటుకోడి దాని ప్రతిబింబంలా కనిపిస్తుంది. దీర్ఘం తర్వాత ద్విత్వం సరళమవడం తెలుగులో మామూలే. పాట్టు–పాట, తోట్టం–తోట చూడదగినవి. 1953 దాకా మద్రాసు రాజధానిగా ఉన్న జిల్లాల భాషలోకి తమిళ రూపం రావడం వింత కాదు. 'మోటు' అన్న సమానార్థకం ఆ టు-కారాన్ని స్థిరపరిచి ఉండవచ్చు. విచిత్రంగా కన్నడిగులు అదే కోడిని 'నాటి కోళి' అంటారు. కన్నడ షష్ఠి రూపాలు నాడ, నాడిన అని ఉండగా ఈ 'నాటి' ఎక్కడిది? తెలుగు ఔపవిభక్తికం సరిహద్దు దాటిందని అనుమానించడానికి తావున్నది. తెలుగువారు తమిళ రూపాన్నీ, కన్నడిగులు తెలుగు రూపాన్నీ వాడుతున్నారంటే, కోడి మాత్రం ఎవరి పెరటిది వారిదే.

2023లో ఆస్కారు పొందిన 'నాటు నాటు' పాట ఈ శబ్దాన్ని ప్రపంచమంతా తిప్పింది. ఇతర భాషల్లో ఆ పాటకు పెట్టిన పేర్లు ఒక చిన్న అర్థవిజ్ఞాన పాఠం. తమిళంలో 'నాట్టు కూత్తు'. అక్కడ నాట్టు యథాతథంగా నిలిచి, నృత్యం అన్న భావం కోసం కూత్తు చేరింది. కన్నడంలో 'హళ్ళి నాటు'. నాటు ఒక్కటే చాలక పల్లె అన్న మాట తోడు కావలసి వచ్చింది. పల్లె వ్యుత్పత్తిని అంగీకరించినవారికి అది పల్నాడు అన్న పేరుకు కన్నడ ప్రతిరూపంలా వినిపించవచ్చు. హిందీలో 'నాచో నాచో'. అర్థం విడిచి ధ్వనిని మాత్రమే పట్టుకున్న అనువాదం అది. మలయాళంలో 'కరింతోల్', అంటే నల్లని చర్మం. సొంత ఊరు అన్న ఆత్మీయార్థం ఉన్న మలయాళ నాటు ఈ మోటుదనాన్ని మోయలేదు కాబోలు.

నాటు అర్థం దిగజారడం తెలుగుకే ప్రత్యేకం కాదు. హిందీలో దేశీ శబ్దం దేశీ ముర్గీ నుంచి దేశీ దారూ మీదుగా దేశీ కట్టా వరకు ఇదే దారిలో నడిచింది. భారతీయ ఇంగ్లీషు పత్రికల్లో కంట్రీ చికెన్, కంట్రీ లిక్కర్, కంట్రీ బాంబ్ ఉన్నవి. తెలుగు పత్రికల నాటుబాంబు వీటిలో చివరిదానికి అనువాదమై ఉండవచ్చు. ఆశ్చర్యం మరొక చోట ఉన్నది. జనపదం అంటే జనులు నివసించే సీమ, అంటే నాడే. ఆ సంస్కృత శబ్దం నుంచి వచ్చిన జానపదం విశ్వవిద్యాలయ శాఖ అయింది. దేశి శబ్దం శివకవుల కాలం నుంచి తెలుగు ఛందస్సుకూ కవితకూ గౌరవనామం. తమిళంలో జానపద విజ్ఞానాన్ని నాట్టుప్పుఱవియల్ అంటారు. అక్కడ దేశ్య శబ్దానికే ఆ గౌరవం దక్కింది. తెలుగులో అదే దేశ్య శబ్దం సారాకూ బాంబుకూ విశేషణంగా మిగిలింది. వీరవిద్యవంతుల పాటను 'జానపద వీరగాథ' అనే విమర్శకులు దానిని 'నాటు పాట' అని ఎన్నడూ అనరు. మాచర్ల, గురజాల కక్షల వార్తల్లో మాత్రం 'నాటు' అన్న మాట పల్నాడు పక్కన సునాయాసంగా వచ్చి కూర్చుంటుంది. రెండింటి మూలం ఒకటేనన్న స్పృహ ఆ వాక్యం రాసేవారికి ఉండదు. ఉండవలసిన అవసరమూ నిఘంటువులు కల్పించలేదు.

కనుక తెలుగు చారిత్రక నిఘంటువులో నాడు శబ్దానికి కనీసం మూడు వేర్వేరు ఆరోపాలు ఉండాలి. దేశార్థకానికి నార్, నాజు రూపాల పోలికతో ఒకటి. కాలార్థకానికి నాళ్ మాత్రమే కాక ఞాన్ఱు పోలికతో రెండవది. విశేషణమైన నాటుకు తమిళ నాట్టు, కన్నడ నాటి పోలికతో మూడవది. రేనాణ్డు రూపంలోని అనునాసికాన్ని మొదటి ఆరోపం కింద నమోదు చేసి, రెండవదానికి సూచన ఇవ్వాలి. పల్నాటి శాసనాల్లో నాడు, నాణ్డు, నాటి రూపాలు ఏ శతాబ్దంలో ఎన్నిసార్లు ఏ అర్థంలో వచ్చాయో లెక్కించడంతో ఆ పని ఆరంభించవచ్చు.